అడ్రినల్ గ్రంథిలో అనుకోకుండా గడ్డ కనిపించింది: వదిలేయాలా, గమనించాలా, తీయించాలా?

కిడ్నీలో రాయి ఉందేమో చూద్దామనో, కడుపునొప్పి తగ్గట్లేదనో, యాక్సిడెంట్ తర్వాత లోపల దెబ్బలేమైనా తగిలాయేమోననో సీటీ స్కాన్ తీయిస్తారు. వెతికినది దొరకొచ్చు, దొరక్కపోవచ్చు. కానీ రిపోర్టు చివర్లో "ఎడమ అడ్రినల్ గ్రంథిలో 2.1 సెం.మీ. గడ్డ" అని ఒక లైను ఉంటుంది, అక్కడి నుంచి టెన్షన్ మొదలవుతుంది. నెట్‌లో వెతికితే ఒకచోట ఏం ఫర్వాలేదంటారు, ఇంకోచోట వెంటనే ఆపరేషన్ అంటారు. రెండూ కొందరి విషయంలో నిజమే. మీది ఏ కోవలోకి వస్తుందో తేల్చుకునే పద్ధతి ఒకటుంది, అది అంత కష్టమైనదీ కాదు. కాకపోతే చాలామంది తప్పు అంకెను పట్టుకుని భయపడతారు, లేదా తప్పు అంకెను చూసి ధైర్యపడతారు.

ముందు ఒక మాట. అడ్రినల్ గ్రంథులంటే ఒక్కో కిడ్నీ పైన ఒకటి చొప్పున ఉండి హార్మోన్లు తయారు చేసే చిన్న గ్రంథులు. అడ్రినల్‌తో సంబంధం లేని కారణంతో తీసిన స్కాన్‌లో బయటపడిన, 1 సెం.మీ. లేదా అంతకన్నా పెద్ద గడ్డను డాక్టర్లు అడ్రినల్ ఇన్సిడెంటలోమా అంటారు. ఇవి అరుదేమీ కాదు. యాభై ఏళ్ల వయసులో వందమందికి స్కాన్ తీస్తే సుమారు ముగ్గురిలో కనిపిస్తాయి, బాగా వయసు మీదపడిన వాళ్లలో ఈ సంఖ్య పది దాకా పోతుంది. వీటిలో ఎక్కువ భాగం అడినోమాలు, అంటే క్యాన్సర్ కాని, ఏ హానీ చేయని గడ్డలు. అడ్రినల్ గ్రంథిలోనే పుట్టే క్యాన్సర్ చాలా అరుదు, ఏడాదికి పది లక్షల మందిలో ఒకరిద్దరికి వస్తుంది.

మరి ఇన్ని పరీక్షలెందుకంటే, తేల్చాల్సిన ప్రశ్నలు రెండున్నాయి. ఇది క్యాన్సరా కాదా అన్నది ఒకటి. క్యాన్సర్ కాకపోయినా హార్మోన్లు ఎక్కువగా తయారు చేస్తోందా అన్నది రెండోది. మొదటి ప్రశ్న అందరూ అడుగుతారు. రెండోదాన్ని రోగులే కాదు, కొన్నిసార్లు డాక్టర్లు కూడా దాటేస్తారు, నన్ను ఎక్కువగా బాధపెట్టేది అదే. స్కాన్ బాగుందని ఇంటికి పంపేసిన మనిషికి ఏళ్ల తరబడి బీపీ మూడు మాత్రలకు కూడా లొంగకపోతే, దాని మూలం ఆ గడ్డలోనే ఉండొచ్చు.

సైజు చూడాలా, సాంద్రత చూడాలా?

రిపోర్టులో మన కళ్లు ముందు సెంటీమీటర్ల మీద పడతాయి. 4 సెం.మీ. దాటితే ప్రమాదం, దాటకపోతే ఫర్వాలేదు అన్న లెక్క చాలాకాలం నడిచింది. సైజుకు విలువ లేదని కాదు, పెద్ద గడ్డల్లో క్యాన్సర్ వాటా ఎక్కువే. కానీ సైజు ఒక్కదాన్ని చూసి నిర్ణయం తీసుకోవడం సరైంది కాదని నా గట్టి అభిప్రాయం. అంతకన్నా ముందు చూడాల్సిన అంకె ఇంకొకటుంది, అది హౌన్స్‌ఫీల్డ్ యూనిట్. రిపోర్టుల్లో హెచ్‌యూ అని రాస్తారు.

ఎక్స్‌రే కిరణాల్ని ఒక కణజాలం ఎంతగా ఆపుతుందో చెప్పే కొలత ఇది. నీటికి సున్నా, గాలికి మైనస్ 1000, కొవ్వుకు సుమారు మైనస్ 100. సీటీ స్కాన్‌ను రూపొందించి 1979లో నోబెల్ పంచుకున్న గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ పేరే దీనికి పెట్టారు. అడ్రినల్ అడినోమాల్లో ఎక్కువ వాటి కణాల్లోపల కొవ్వు నింపుకుని ఉంటాయి, అందుకే వాటి అంకె తక్కువ వస్తుంది. అడ్రినల్ క్యాన్సర్‌లో, వేరే అవయవం నుంచి పాకిన క్యాన్సర్‌లో, అడ్రినలిన్ లాంటి హార్మోన్లను ఎక్కువగా వదిలే ఫియోక్రోమోసైటోమా అనే గడ్డలో అలాంటి కొవ్వు సాధారణంగా ఉండదు, అంకె పైకి పోతుంది.

అందుకే కాంట్రాస్ట్ (చిత్రం స్పష్టంగా రావడానికి నరంలోకి ఇచ్చే మందు) ఎక్కించకుండా తీసిన సీటీలో గడ్డ అంతా ఒకే తీరుగా ఉండి, అంకె 10 లేదా అంతకు తక్కువ ఉంటే, అది క్యాన్సర్ కాదని చెప్పడానికి అది చాలు. యూరోపియన్ సొసైటీ ఆఫ్ ఎండోక్రైనాలజీ 2016లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఈ హామీ 4 సెం.మీ. లోపు గడ్డలకే ఉండేది. 2023లో సవరించినప్పుడు సైజుతో పనిలేకుండా చేశారు. అంటే 5 సెం.మీ. ఉండి, మైనస్ 5 యూనిట్లు చూపిస్తూ ఏకరీతిగా ఉన్న గడ్డకు మళ్లీ స్కాన్ అక్కర్లేదు. 2.5 సెం.మీ. మాత్రమే ఉన్నా 35 యూనిట్లు చూపించే గడ్డను మాత్రం వదలకూడదు. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి సైజు మాత్రమే చూసేవాళ్లు సరిగ్గా తలకిందులుగా భయపడతారు.

ఇక్కడ అందరూ పొరబడే చోటు ఒకటుంది, కాస్త ఆగి చదవండి. చాలామందికి మొదట తీసేది కాంట్రాస్ట్ ఎక్కించిన సీటీ. నరంలోకి మందు పోయాక గడ్డ ఆ మందును పీల్చుకుని తెల్లగా వెలుగుతుంది, దాని అంకె 60, 80, ఒక్కోసారి వంద కూడా వస్తుంది. మామూలు అడినోమా అయినా అంతే. ఆ అంకెను పట్టుకెళ్లి 10తో పోల్చి "నాకు ఎనిమిది రెట్లుంది" అని నిద్ర మానుకోవద్దు, అది పోల్చదగిన అంకె కాదు. రిపోర్టు పైభాగంలో స్కాన్ ఎలా తీశారో రాసి ఉంటుంది, కాంట్రాస్ట్ మాత్రమే అని ఉంటే కాంట్రాస్ట్ లేని సీటీ ఒకటి విడిగా తీయాలా అని డాక్టర్ని అడగండి. రెండు విధాలా తీసి ఉంటే ముందు తీసిన సాదా చిత్రాల్లో అంకె కొలిచి చెప్పమని రేడియాలజిస్టును అడగొచ్చు, పాత చిత్రాలు భద్రంగా ఉంటే మళ్లీ స్కాన్ తీయకుండానే కొలవగలరు.

10 దాటితే ఏం చేయాలి?

10 దాటగానే క్యాన్సర్ అని కాదు. అడినోమాల్లోనే సుమారు మూడో వంతు కొవ్వు తక్కువ ఉన్న రకం, వాటికి అంకె ఎక్కువే వస్తుంది. కాబట్టి ఇక్కడి నుంచి దారులు చీలతాయి.

4 సెం.మీ. లోపు ఉండి, ఏకరీతిగా, 11 నుంచి 20 మధ్య ఉంటే అనుమానం తక్కువ. వెంటనే ఇంకో రకం స్కాన్ తీసి తేల్చుకోవచ్చు, లేదా ఏడాది ఆగి మళ్లీ చూడొచ్చు. 4 సెం.మీ.కు తగ్గకుండా ఉండి, 20 దాటినా లేదా లోపల ఒకచోట ఒకలా ఇంకోచోట ఇంకోలా కనిపించినా, ఇక ఆగకుండా సర్జరీ గురించి మాట్లాడాల్సిందే. ఈ రెంటికీ మధ్యలో పడేవి, అంటే చిన్నదే కానీ 20 దాటింది, లేదా పెద్దదే కానీ 15 దగ్గరుంది అన్నవి, అందరికీ ఒకే జవాబు చెప్పలేనివి. అలాంటప్పుడు ఎండోక్రైనాలజిస్టు (హార్మోన్ల డాక్టరు), రేడియాలజిస్టు, సర్జన్ ముగ్గురూ కలిసి చూసే చోటికి వెళ్లమని చెప్తాను. ఒక్క డాక్టరు ఓపీలో అయిదు నిమిషాల్లో తేల్చే విషయం కాదది.

ఇంకో స్కాన్ అన్నప్పుడు మూడు రకాలు చెప్తారు. కాంట్రాస్ట్ వాష్‌అవుట్ సీటీలో, మందు ఎక్కించిన నిమిషం తర్వాత ఒకసారి, పావుగంట తర్వాత ఇంకోసారి కొలుస్తారు. అడినోమా మందును త్వరగా పీల్చుకుని త్వరగా వదిలేస్తుంది. ఉదాహరణకు మందుకు ముందు 18, ఎక్కించాక 90, పావుగంటకు 40 అనుకోండి. 90 నుంచి 40 తీసేస్తే 50, 90 నుంచి 18 తీసేస్తే 72. 50ని 72తో భాగిస్తే సుమారు 69 శాతం. 60 శాతం లేదా అంతకన్నా ఎక్కువ వస్తే అడినోమా వైపు మొగ్గు. లెక్క ఎంత చక్కగా ఉన్నా దీన్ని నేను పూర్తిగా నమ్మమని చెప్పను, ఎందుకంటే కొన్ని ఫియోక్రోమోసైటోమాలు, కిడ్నీ క్యాన్సర్ లాంటి వాటి నుంచి పాకిన గడ్డలు కూడా మందును ఇలాగే త్వరగా వదిలేస్తాయి.

ఎమ్మారై విషయానికొస్తే, కెమికల్ షిఫ్ట్ అనే పద్ధతిలో కణాల్లోని కొవ్వును పట్టుకుంటారు. రేడియేషన్ ఉండదు కాబట్టి గర్భిణులకు, పిల్లలకు, చిన్న వయసు వాళ్లకు ఇదే మేలు. సీటీలో అంకె 10కి కాస్త పైన ఉన్నప్పుడు బాగా పనికొస్తుంది, 30 దాటిన గడ్డల్లో మాత్రం కొవ్వే పెద్దగా ఉండదు కనుక అంతగా తేల్చలేదు. క్యాన్సర్ ఎక్కడెక్కడ ఉందో ఒళ్లంతా వెతికే పెట్ సీటీ ఎప్పుడు పనికొస్తుందంటే, ముందే క్యాన్సర్ చికిత్స తీసుకున్న మనిషికి కొత్తగా అడ్రినల్ గడ్డ కనిపించినప్పుడు, లేదా పెద్ద గడ్డకు ఆపరేషన్ చేసే ముందు మిగతా ఒళ్లంతా చూసుకోవాలనుకున్నప్పుడు. 15 యూనిట్ల చిన్న గడ్డకు మొదటే పెట్ సీటీ రాస్తే ఎందుకని అడగండి.

ఆగి చూడటం కూడా ఒక ఎంపికే, నిర్లక్ష్యం కాదు. ఆరు నెలల నుంచి ఏడాది తర్వాత తీసిన స్కాన్‌లో గడ్డ 20 శాతానికి మించి పెరిగి, ఆ పెరుగుదల కనీసం 5 మి.మీ. ఉంటే అప్పుడు ఆపరేషన్ గురించి ఆలోచిస్తారు. 2 సెం.మీ. గడ్డ 2.3 అయితే పెరిగినట్టు లెక్క కాదు, కొలతల్లోనే ఆ మాత్రం తేడా వస్తుంది. 2.6 అయితే మాట్లాడాలి.

వీటన్నిటినీ పక్కన పెట్టే రకం ఒకటుంది. గడ్డలో పచ్చి కొవ్వు స్పష్టంగా కనిపిస్తే, అంకె మైనస్ 30 కన్నా ఇంకా కిందికి పోతే, అది మైలోలైపోమా. క్యాన్సర్ కాదు. బాగా పెరిగి నొప్పో, లోపల రక్తస్రావమో తెచ్చిపెడితే తప్ప ముట్టుకోరు.

హార్మోన్ పరీక్షల్లో ఏది ఎవరికి?

స్కాన్ ఎంత బాగున్నా, అడ్రినల్ తయారు చేసే స్టెరాయిడ్ హార్మోన్ కార్టిసాల్ పరీక్ష మాత్రం దాదాపు అందరికీ చేయాల్సిందే. ఉదయం లేచి ఊరికే కార్టిసాల్ చూపించుకుంటే ఉపయోగం లేదు, ఆ అంకె గంటగంటకీ మారుతుంది. చేయాల్సింది డెక్సామెథసోన్ పరీక్ష. రాత్రి 11, 12 మధ్య 1 మి.గ్రా. డెక్సామెథసోన్ మాత్ర వేసుకుంటారు, మర్నాడు ఉదయం 8, 9 మధ్య రక్తం ఇస్తారు. మామూలు మనిషిలో ఆ మాత్ర కార్టిసాల్ తయారీని తెల్లారేసరికి అణిచేస్తుంది. డెసిలీటరు రక్తానికి 1.8 మైక్రోగ్రాములు లేదా అంతకు తక్కువ వస్తే గడ్డ తన ఇష్టానికి కార్టిసాల్ తయారు చేయట్లేదని అర్థం. దాటితే చేస్తుండొచ్చు.

చేస్తుండొచ్చు అని మాత్రమే ఎందుకంటే, ఈ పరీక్ష తప్పుదారి పట్టించే సందర్భాలు బోలెడు. ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్లలో అంకె ఊరికే పెరుగుతుంది. ఫిట్స్‌కు వాడే ఫెనిటాయిన్, కార్బమజెపైన్, టీబీకి వాడే రిఫాంపిసిన్ ఆ డెక్సామెథసోన్‌ను కాలేయంలో త్వరగా కరిగించేసి అదే పని చేస్తాయి. నైట్ షిఫ్టులు చేసేవాళ్లలో, ఆ రాత్రి సరిగ్గా నిద్రపోని వాళ్లలో కూడా ఫలితాన్ని అనుమానించాలి. మాత్ర వేసుకోవడం మరిచిపోయి కూడా "వేసుకున్నాను" అని చెప్పి రక్తం ఇవ్వకండి, దానికన్నా ఇంకో రోజు చేయించుకోవడం నయం. ఏ మందులు వాడుతున్నారో ముందే చెప్పండి, మీ అంతట మీరు ఏదీ మానొద్దు.

ఫియోక్రోమోసైటోమా కోసం చేసే మెటానెఫ్రిన్ (అడ్రినలిన్ లాంటి హార్మోన్లు విరిగితే వచ్చే పదార్థం) పరీక్ష అందరికీ అక్కర్లేదు. కాంట్రాస్ట్ లేని సీటీలో 10 లోపు ఏకరీతిగా ఉన్న గడ్డ అది అయ్యే అవకాశం దాదాపు లేదు. 10 దాటినవాళ్లకు మాత్రం బీపీ మామూలుగా ఉన్నా సరే, చెమటలూ గుండెదడా లేకపోయినా సరే, తప్పనిసరి. రక్తంలోనైనా 24 గంటల మూత్రంలోనైనా చేస్తారు. రక్తంలో చేసేటప్పుడు 20, 30 నిమిషాలు పడుకోబెట్టి ఆ తర్వాత తీయాలి. మెట్లెక్కి వచ్చి కుర్చీలో కూర్చోగానే తీసిన రక్తంలో కాస్త ఎక్కువ వస్తే దాన్ని పట్టుకుని కంగారు పడొద్దు, పడుకోబెట్టి మళ్లీ తీయమనండి. కొన్ని డిప్రెషన్ మందులు కూడా ఈ అంకెను పెంచుతాయి.

ఒంట్లో ఉప్పునూ బీపీనీ నియంత్రించే ఆల్డోస్టెరాన్, రెనిన్‌ల నిష్పత్తి బీపీ ఉన్నవాళ్లకు లేదా రక్తంలో పొటాషియం తక్కువున్న వాళ్లకు చేస్తారు. బీపీ లేదు, పొటాషియం బాగుంది అంటే దీన్ని వదిలేయొచ్చు. ఆడ, మగ హార్మోన్ల పరీక్షలు క్యాన్సర్ అనుమానం ఉన్నప్పుడో, ఆడవాళ్లలో అకస్మాత్తుగా ముఖం మీద వెంట్రుకలు పెరగడం లాంటివి కనిపించినప్పుడో అడుగుతారు.

ఆపరేషనా, వద్దా?

కొన్ని చోట్ల ఇది తేలిక ప్రశ్న. ఫియోక్రోమోసైటోమా అని తేలితే తీయాలి. ఒకవైపు గడ్డ ఆల్డోస్టెరాన్ ఎక్కువగా తయారు చేస్తోందని, అది ఆ వైపు నుంచే వస్తోందని తేలితే తీస్తే మేలు. ఎందుకు తేలాలంటున్నానంటే, కనిపించే గడ్డ ఎడమవైపు ఉండి హార్మోన్ కుడివైపు నుంచో రెండువైపుల నుంచో వచ్చే సందర్భాలున్నాయి. అందుకే చాలామందికి అడ్రినల్ సిరల నుంచి నేరుగా రక్తం తీసి పోల్చి చూస్తారు. ఒంటి మీద కుషింగ్ (కార్టిసాల్ బాగా ఎక్కువైతే వచ్చే జబ్బు) లక్షణాలు స్పష్టంగా ఉన్నా, క్యాన్సర్ అనుమానం బలంగా ఉన్నా తీస్తారు. హార్మోన్ లేదు, అంకె 10 లోపు అంటే తీయొద్దు. భయం పోగొట్టుకోవడానికి మంచి గ్రంథిని తీయించుకోవడం సరైన బేరం కాదు.

అసలు తర్జనభర్జన అంతా మధ్యలో ఉన్నవాళ్లది. డెక్సామెథసోన్ పరీక్షలో 1.8 దాటింది, కానీ కుషింగ్ లక్షణాలు ఒంటి మీద లేవు. వీళ్లలో కార్టిసాల్ కొద్దికొద్దిగా ఎక్కువై బీపీ, షుగర్, ఎముకల బలహీనత పెరిగే అవకాశం ఉంది, పూర్తిస్థాయి కుషింగ్‌గా మారేది మాత్రం నూటికి ఒక్కరు కూడా ఉండరు. నలభై అయిదేళ్ల మనిషి, మూడు మందులకూ తగ్గని బీపీ, కొత్తగా వచ్చిన షుగర్, వెన్నుపూసలో ఒక పగులు ఉంటే నేను ఆపరేషన్ వైపు మొగ్గుతాను. డెబ్బై ఎనిమిదేళ్లు, బీపీ ఒక్క మాత్రతో అదుపులో ఉంది, గుండె బలహీనం అంటే మందులతో, ఏటా బీపీ, షుగర్ చూసుకుంటూ ఉండటమే మంచిది. ఎముకల కోసం వెన్ను స్కాన్ ఒకసారి చూడమని ఇద్దరికీ చెప్తాను, ఎందుకంటే వెన్నుపూస పగుళ్లు చాలాసార్లు నొప్పి లేకుండానే ఉంటాయి.

ఆపరేషన్ తీరులోనూ ఎంపిక ఉంది. క్యాన్సర్ అనుమానం లేని గడ్డలకు చిన్న రంధ్రాల ద్వారా చేసే లాపరోస్కోపీ మంచిది, త్వరగా కోలుకుంటారు. అనుమానం ఉన్నా 6 సెం.మీ. లోపు ఉండి పక్క అవయవాల్లోకి పాకకపోతే అనుభవమున్న సర్జన్ లాపరోస్కోపీతో చేయొచ్చు. పాకినట్టుంటే కోసి తీయడమే సురక్షితం, గడ్డ లోపల చిట్లితే క్యాన్సర్ కడుపులో చెదిరిపోతుంది. సర్జన్ ఏడాదికి అడ్రినల్ ఆపరేషన్లు ఎన్ని చేస్తారో మొహమాటపడకుండా అడగండి.

ఫియోక్రోమోసైటోమాకైతే ఆపరేషన్‌కు ముందు ఒకటి రెండు వారాలు ఆల్ఫా బ్లాకర్ మందులు వాడి బీపీని సిద్ధం చేయాలి. బీటా బ్లాకర్‌ను ఆల్ఫా బ్లాకర్ కన్నా ముందు మొదలుపెట్టకూడదు, బీపీ ప్రమాదకరంగా ఎగబాకుతుంది. కార్టిసాల్ ఎక్కువ తయారు చేసే గడ్డ తీశాక సమస్య వేరు. ఇన్నాళ్లూ పనిలేక మందగించిన రెండోవైపు గ్రంథి మళ్లీ పుంజుకోవడానికి నెలలు పట్టొచ్చు, అందాకా స్టెరాయిడ్ మాత్రలు కావాలి. వాటిని చెప్పకుండా ఆపేస్తే ప్రాణం మీదికొస్తుంది.

సూది పరీక్ష మాటేమిటి?

రొమ్ములోనో థైరాయిడ్‌లోనో గడ్డ కనిపిస్తే సూదితో ముక్క తీస్తారు కదా, ఇక్కడెందుకు తీయరని చాలామంది అడుగుతారు. అడ్రినల్‌లో ముక్క చూసి అడినోమానో క్యాన్సరో నమ్మకంగా చెప్పడం కష్టం. పైగా క్యాన్సర్ అయితే సూది దారిలో పాకే ప్రమాదం ఉంది, ఫియోక్రోమోసైటోమా అయితే సూది గుచ్చగానే బీపీ అదుపు తప్పి ప్రాణాపాయం కావచ్చు. ఇతర అవయవంలో క్యాన్సర్ ఉండి, అడ్రినల్ గడ్డ దాని నుంచి పాకిందా అని తేలితేనే చికిత్స మారే పరిస్థితిలో, అదీ మెటానెఫ్రిన్ పరీక్ష మామూలుగా ఉందని చూశాకే చేస్తారు. ఆ పరీక్ష లేకుండా ఎవరైనా సూది పరీక్ష రాస్తే ఒప్పుకోకండి.

పై లెక్కలు వర్తించనివాళ్లు

పిల్లలు, నలభై లోపు వాళ్లు, గర్భిణులు పైన చెప్పిన నిదానంతో ఆగకూడదు. చిన్న వయసులో ఈ గడ్డలు అరుదు, వస్తే ప్రమాదకరమైనవి అయ్యే వాటా ఎక్కువ, త్వరగా చూపించుకోవాలి. రెండువైపులా గడ్డలుంటే దేనికదే విడిగా అంచనా వేయాలి. 17 హైడ్రాక్సీ ప్రొజెస్టెరాన్ అనే పరీక్ష కూడా కలపాలి. రెండు గ్రంథులూ టీబీ వల్లో, పాకిన క్యాన్సర్ వల్లో పాడైతే హార్మోన్ ఎక్కువ కావడానికి బదులు తక్కువైపోతుంది, అప్పుడు నీరసం, బరువు తగ్గడం, లేచి నిలబడితే కళ్లు తిరగడం కనిపిస్తాయి. ఆ లక్షణాలుంటే ఆలస్యం చేయొద్దు.

ఇంకో విషయం. డాక్టరు దగ్గరికి వెళ్లేముందు ఇంట్లో పాత స్కాన్‌లేమైనా ఉన్నాయేమో వెతకండి. గుండె కోసమో ఊపిరితిత్తుల కోసమో ఎప్పుడో తీసిన ఛాతీ సీటీలో కూడా అడ్రినల్ గ్రంథులు చాలాసార్లు కిందివైపున పడతాయి, అప్పట్లో ఎవరూ రిపోర్టులో రాయకపోయినా. నాలుగేళ్ల కిందటి సీడీలో అదే గడ్డ అదే సైజులో కనిపిస్తే, ఇకపై చేయించాలనుకున్న స్కాన్‌లలో కొన్ని అవసరమే ఉండదు. రిపోర్టు కాగితం ఒక్కటి కాదు, చిత్రాలున్న సీడీ కూడా తీసుకెళ్లండి.